డిసెంబరు 15 స్మారక నడక: క్యాంపస్‌లోనా, నెల్లూరు వీధుల్లోనా? ఏది మేలు?

పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ దినానికి నెల్లూరు పక్కన కాకుటూరులో ఉన్న మన యూనివర్సిటీలో ర్యాలీ అనుకోగానే రెండు మాటలు వస్తాయి. గేటు నుంచి పరిపాలనా భవనం దాకా నడిచి పూలమాల వేస్తే సరిపోతుందని కొందరంటారు. నెల్లూరు టౌన్లోకి వెళ్ళి నడిస్తేనే జనానికి తెలుస్తుందని ఇంకొందరు. మా లెక్కలో ఈ ఒక్క తేదీకి టౌనే మేలు, అదీ తక్కువమందితో. మిగతా రోజులకు క్యాంపస్ చాలు.

ఎందుకంటే ఆయన మద్రాసులో 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి 58 రోజులు చేసిన దీక్ష అందరికీ తెలుసు. అంతకుముందు నెల్లూరులో చేసింది మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితులను రానివ్వాలని 1946లో నిరాహారదీక్ష చేశారు. చివరి ఏళ్ళలో అంటరానితనం పోవాలని రాసిన అట్టలు మెడలో తగిలించుకుని, చెప్పులు, గొడుగు లేకుండా ఈ వీధుల్లోనే తిరిగారు. ఆయన నడిచిన చోట నడవడానికి ఒక అర్థం ఉంది. కాకుటూరు క్యాంపస్‌లో సిమెంటు రోడ్డు మీద ఎంత క్రమంగా నడిచినా అది రాదు.

ఇక టౌను నడక కొలతలు. రోడ్డు ఎడమ అంచున ఇద్దరేసి చొప్పున నడవాలి. వరుసకీ వరుసకీ మధ్య మీటరున్నర వదిలితే 120 మందికి 90 మీటర్ల బారు. నిమిషానికి 50 మీటర్ల నడకలో ఆ బారు ఒక సెంటర్ దాటడానికి రెండు నిమిషాల లోపే పడుతుంది. ట్రాఫిక్ కానిస్టేబుల్ అంతసేపు బండ్లను ఆపగలడు. అదే 300 మంది వస్తే బారు 225 మీటర్లు, దాటడానికి నాలుగున్నర నిమిషాలు. వీఆర్సీ సెంటర్లో గానీ గాంధీబొమ్మ దగ్గర గానీ మూడో నిమిషానికి ఆటోలు వరుస మధ్యలోంచి దూరతాయి. ఒకసారి తెగిన బారు మళ్ళీ కలవదు, వెనకవాళ్ళు పరిగెడతారు, దెబ్బలు తగిలేది అక్కడే. అందుకే 120 దాటనివ్వొద్దు. ఎన్‌ఎస్‌ఎస్ యూనిట్‌కి వందమంది ఉంటారు కాబట్టి ఒక యూనిట్, పైన వాలంటీర్లు అనుకుంటే లెక్క సరిపోతుంది. వాలంటీర్లు ఇరవైమందికి ఒకరు చొప్పున ఆరుగురు, ముందు ఇద్దరు, వెనక ఇద్దరు. వెనక ఉండేవాళ్ళ చేతిలో ఎర్రజెండా తప్పనిసరి.

అనుమతి కాగితం కనీసం వారం ముందే పోలీస్ స్టేషన్లో ఇవ్వాలి. దారి, మొదలయ్యే టైము, ముగిసే టైము, ఎంతమంది, బాధ్యులైన ఇద్దరి ఫోన్ నంబర్లు, మైకు ఉందా లేదా అన్నీ రాసి, రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. మైకు లేదని రాస్తే సగం పని తేలికవుతుంది. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలం. టౌన్లో ఏ దారి పట్టినా ఏదో ఒకటి తగులుతుంది. ఈ నడకకు నినాదాలే అక్కర్లేదు, మెడలో అట్ట చాలు. అడుగున్నర వెడల్పు, అడుగు ఎత్తు మందపాటి అట్ట, తగిలించడానికి నూలు నాడా. అక్షరం రెండంగుళాలుంటే ఇరవై అడుగుల నుంచి ఇబ్బంది లేకుండా చదవొచ్చు, కాబట్టి అట్టకు నాలుగైదు మాటలే రాయాలి. స్కెచ్ పెన్ను వాడొద్దు. డిసెంబరులో మనకు ఎప్పుడైనా చినుకు పడొచ్చు, రాసిందంతా కారిపోయి చొక్కాలకు అంటుతుంది. ఆయిల్ పెయింటుతో రాసి ఒక రోజంతా ఆరనివ్వండి.

ఈ నడక ఎక్కువగా చెడేది టిఫిన్ దగ్గర. ఏడుకు టౌన్లో నడక మొదలవ్వాలంటే ఆరుకల్లా కాకుటూరులో బస్సెక్కాలి. ఆ టైముకి హాస్టల్ మెస్ తెరవరు. ఖాళీ కడుపుతో వచ్చిన పిల్లలు నడిచేటప్పుడు బాగానే ఉంటారు. ఆఖర్న నిలబెట్టి ఉపన్యాసాలు చెప్పేటప్పుడు కళ్ళు తిరిగి పడిపోతారు. ముందురోజే మెస్‌లో చెప్పి ఇడ్లీనో పులిహోరో పొట్లాలు కట్టించి బస్సులోనే ఇవ్వండి. 120 మందికి మూడు బస్సులు, మనిషికి అరలీటరు చొప్పున 60 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. మూలాపేట చేరాక గుడి ముందు ఉపన్యాసం వద్దే వద్దు. రెండు నిమిషాలు మౌనంగా నిలబడి బస్సుల దగ్గరికి వచ్చేయాలి. ధనుర్మాసం ఆ తేదీ చుట్టూనే మొదలవుతుంది, గుడిలో పొద్దున్నే భక్తులుంటారు, దేవస్థానం వాళ్ళకు ముందే చెప్పి పెట్టుకోవడం మర్యాద.

క్యాంపస్ నడకకు ఈ తంటాలేవీ లేవు. 300 మందైనా రావొచ్చు, బస్సులు అక్కర్లేదు, తొమ్మిదికల్లా క్లాసులో ఉండొచ్చు. ఒక్కటే షరతు, బారు గేటు దాటి హైవే మీదకు రాకూడదు. ఫోటో బాగా వస్తుందని గేటు బయట బ్యానర్ పట్టుకుని నిలబడితే చెన్నై లారీలకు అడ్డం నిలబడినట్టే.

కొత్త భవనం పని నడుస్తుంటే మాత్రం క్యాంపస్ కూడా తేలిక కాదు. నలుగురేసి నడిచే 300 మంది బారు 112 మీటర్లు. కంకర గుట్టలు, ఇనుప కడ్డీల కట్టలు రోడ్డు సగం ఆక్రమించిన చోట ఇద్దరికే దారి ఉంటుంది. అక్కడికొచ్చాక నలుగురు ఇద్దరవ్వాలంటే ముందువాళ్ళు ఆగాలి, వెనకవాళ్ళు తోస్తారు, పక్కనే పునాది గొయ్యి. మొదటి నుంచీ ఇద్దరేసి నడిపించడమే దీనికి మందు.

పని ఆ రెండు గంటలు ఆపమని కాంట్రాక్టర్ని అడగడం మామూలే. అది ఏ పనో తెలుసుకుని అడగాలి. ఇటుక పని, ప్లాస్టరింగ్ ఆపొచ్చు. స్లాబ్ పోస్తుంటే ఆపకూడదు. రెడీమిక్స్ కాంక్రీటులో నీళ్ళు కలిపిన రెండు గంటల్లోపు లారీ ఖాళీ చేసేయాలి. పోసిన కాంక్రీటు గట్టిపడటం మొదలయ్యాక దాని పక్కన కొత్తది పోస్తే రెండూ సరిగా అతుక్కోవు. కోల్డ్ జాయింట్ అంటారు, తర్వాత వానాకాలంలో ఆ గీత వెంటే నీళ్ళు కారతాయి. మన నడక కోసం ఒక హాస్టల్ పైకప్పు పాడవకూడదు. పది రోజుల ముందే సైట్ ఇంజినీర్ని, మేస్త్రీని కలిసి స్లాబ్ తేదీ కనుక్కోండి. స్లాబ్ అదే రోజైతే నడక దారి మార్చండి. స్లాబ్ ముందురోజు పోసినా దాన్ని తడిపే క్యూరింగ్ నీళ్ళు రోడ్డు మీదకు వచ్చి బురద అవుతుంది, అదీ చూసుకోవాలి.

ఆయన లాగా చెప్పుల్లేకుండా నడుస్తామని పిల్లలు అడుగుతారు. కోరిక మంచిదే, సైటు పక్క దారిలో మాత్రం ఒప్పుకోవద్దు. సెంట్రింగ్ (స్లాబ్ పోయడానికి కింద కట్టే చెక్కలు) విప్పిన చోట మేకులున్న చెక్కలు, కడ్డీలు కట్టగా మిగిలిన బైండింగ్ వైరు ముక్కలు వేలు పొడవున మట్టిలో కలిసిపోయి ఉంటాయి, ఊడ్చినా అన్నీ రావు. తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం ఇంజక్షన్ వేయించాలి. టౌన్లో తారు రోడ్డు మీద, చివరి రెండు వందల మీటర్లు మాత్రం చెప్పులు విప్పి నడవనివ్వండి.

సాయంత్రం కొవ్వొత్తుల నడక గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. డిసెంబరు నడుమ ఆరులోపే పొద్దు గుంకుతుంది, సైటు పక్కన గోతులు కనపడవు, మైనం చేతుల మీద పడుతుంది. పని నడిచే క్యాంపస్‌లో అసలు వద్దు.

మిగతా తేదీలు. ఆగస్టు 23 ప్రకాశం పంతులు జయంతి ఒంగోలు వైపు వాళ్ళకు పెద్ద పండుగ, క్యాంపస్‌లో పొద్దున ఎనిమిదిలోపు నడక బాగుంటుంది. బ్యానర్ గుడ్డదే కట్టండి, ఫ్లెక్సీ గాలికి తెరచాపలా లాగి కర్రలు పట్టుకున్నవాళ్ళను తూలిస్తుంది. ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి నడక ఏడున్నరకల్లా ముగియాలి, నీళ్ళు మనిషికి లీటరు. నవంబరు 1, ఆంధ్రప్రదేశ్ అవతరణ దినాన నడకే పెట్టుకోవద్దు. మన జిల్లాల్లో అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. ఆ రోజు ఆడిటోరియంలో సభ పెట్టండి.

డిసెంబరు 15న కూడా అల్పపీడనం పట్టొచ్చు. 13 సాయంత్రం వాతావరణ శాఖ సూచన చూసి, భారీ వర్షమంటే టౌను నడక మానుకుని, రద్దయిందని పోలీస్ స్టేషన్‌కు, బస్సుల వాళ్ళకు, మెస్‌కు ఆ రాత్రే ఫోన్ చేయండి. రాసిన అట్టలు పారేయకుండా లైబ్రరీ వరండాలో తగిలించండి.