గోకర్ణుణ్ణి ఎవరు చంపారు? పానగల్లు టూర్ గురించి నా మాట

పోయిన ఆదివారం నల్లగొండ నుంచి పానగల్లుకు ఒక పూట టూర్‌కు వెళ్లొచ్చాం. నేను, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి. మనిషికి 600 రూపాయలు, టిఫిన్ వాళ్లదే. పేరుకు గుళ్ల టూరే. కానీ గైడ్ దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక హత్య కథగా నడిపిస్తాడు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల వంశంలో గోకర్ణ చోడుణ్ణి చంపిందెవరు?

ఈ కథంటే నాకు ప్రాణం. మా అమ్మగారి ఊరు అడ్డాకల్ దగ్గర. చిన్నప్పుడు కందూరు రామలింగేశ్వరస్వామి గుడికి పోతే కదంబ చెట్ల కిందే వండుకుని తినేవాళ్లం. ఆ కందూరు ఒకప్పుడు చోడుల రాజధాని అని, ఆ రాజులే పానగల్లునూ ఏలారని అప్పుడు మాకెవరూ చెప్పలేదు. సోషల్ టీచర్ అయ్యాకే తెలిసింది.

ముందు ఛాయా సోమేశ్వరాలయం. లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక నీడ. పొద్దు తిరిగినా అది కదలదు. "ఇది ఏ స్తంభం నీడో చెప్పు తమ్మీ" అని గైడ్ మా వాడిని అడిగాడు. వాడు ఒక్కో స్తంభం చుట్టూ తిరిగాడు, వంగి చూశాడు, ఏదీ ఒప్పలేదు. పదిహేను నిమిషాలు గైడ్ జవాబు చెప్పనేలేదు. తర్వాతే వేర్వేరు దిక్కుల నుంచి చెదిరి వచ్చే వెలుతురుకు స్తంభాల నీడలు ఒకచోట కలుస్తాయని వివరించాడు. పిల్లలకు పాఠం చెప్పాల్సింది ఇట్లాగే.

అసలు కథ ఉదయసముద్రం చెరువు కట్ట మీద. ఎదురుగా నీళ్లు, చల్లని గాలి, చేతిలో ఇడ్లీ పొట్లం. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం గోకర్ణుణ్ణి చంపినవాడని అదే వంశపు భీముణ్ణి తిడుతుంది. కాకతీయ రుద్రదేవుడు దండెత్తితే ఆ భీముడు అడవుల్లోకి పారిపోయాడట. ఇంతవరకు బాగా చెప్పాడు. ఆ తర్వాత అర్ధరాత్రి తలుపు చాటున కత్తి, అంతా చూసిన దాసి అంటూ మొదలుపెట్టాడు. ఈ దాసి ఎక్కడుంది తమ్ముడూ అని అడిగితే, "నేనే కల్పించిన మేడమ్" అని ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం మంచిదే. కానీ అది కల్పన అని ముందే చెప్పాలి. పక్కన కూర్చున్నవాళ్లు అప్పటికే ఫోన్లో రాసుకుంటున్నారు.

ఇంకో మాట కూడా అడిగాను. శాసనం వేయించింది ఎవరు? భీముణ్ణి తరిమిన రుద్రదేవుడే కదా! శత్రువు ఇచ్చిన సాక్ష్యం ఒక్కటీ పట్టుకుని తీర్పు ఎట్లా చెప్తాం? చాళుక్య రాజు తైలపుడు రుద్రదేవుడి భయానికే అతిసారం పట్టి చచ్చాడని చెప్పేదీ ఆ శాసనమే. దాన్ని పొగడ్తగా తీసుకుని, హత్య మాటను మాత్రం నిజమని ఎట్లా నమ్ముతాం? భీముడు చంపలేదని నేను అనడం లేదు. అవతలి పక్షం మాట మన దాకా రాలేదు, అంతే. గైడ్ కాసేపు ఊరుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఈ ప్రశ్న రాసుకున్నాడు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది.

శాసనం జిరాక్సు అని ఇచ్చిన కాగితం మాత్రం నల్లగా మసి పూసినట్టుంది, ఒక్క అక్షరం చదవలేకపోయాం. పచ్చల సోమేశ్వరాలయానికి ఇరవై నిమిషాలే ఇచ్చారు. గోడల మీద రామాయణ, భారత శిల్పాలు వరుసగా ఉంటాయి, పక్కనే మ్యూజియం. వాటికి గంటైనా కావాలి.

పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్లండి. ఎండలు ముదరక ముందే పొద్దున బ్యాచ్‌లో పోండి, గుడి బండల మీద చెప్పుల్లేకుండా నడవాలి. కందూరు కూడా కలిపి రెండు రోజుల టూర్ పెట్టమని అడిగొచ్చాను. పెడితే మొదటి మూడు టికెట్లు మావే.