చోడికి (రాగికి) వేసిన వ్యామ్ గుళికలు: 3 స్టార్లు

పర్లాకిమిడిలో ఒక ఎరువుల కొట్లో 4 కిలోల సంచి కొన్నాను. చోడి నారు నాటేటప్పుడు వేళ్ల దగ్గర పడేలా సగం మడికే వేశాను. వ్యామ్ అంటే మొక్క వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రం. ఇది వేరులోకి దూరి, బయటికి సన్నని దారాలు చాచి, వేరుకు అందని భాస్వరం తెచ్చిస్తుంది. బదులుగా మొక్క దానికి చక్కెర పెడుతుంది.

40 రోజులకు మొక్కలు పీకి చూశాను. వేసిన వైపు వేళ్లు గుబురుగా, మట్టిని పట్టుకుని వచ్చాయి. వాన ముఖం చాటేసిన వారం అటువైపు ఆకు తక్కువ చుట్టుకుంది.

దిగుబడిలో మాత్రం పెద్ద తేడా లేదు. ఎప్పటిలాగే భాస్వరం ఉండే డీఏపీ ఎరువు కుమ్మేశాను. భాస్వరం ఎక్కువైతే ఇది సరిగా పనిచేయదట. కొట్టతను ఆ ముక్క చెప్పలేదు. పైగా సంచులన్నీ ఎండలో పెట్టాడు. లోపలున్నది ప్రాణమున్న సరుకు బాబూ! తేదీ చూసి, నీడలో ఉంచిందే అడగండి.