క్యాప్షన్లు, ఆడియో వర్ణన: తరగతి వీడియోలో దేని పని ఏది?

వినికిడి లోపమున్న విద్యార్థికి క్యాప్షన్లు (వీడియోలోని మాటలను తెరపై అక్షరాల్లో చూపేవి), చూపు లోపమున్న విద్యార్థికి ఆడియో వర్ణన (తెరపై కనిపించేదాన్ని గొంతుతో చెప్పేది) అవసరం. అయినా మొదటిది సమకూరిన చోట కూడా రెండోది వాయిదా పడటం కద్దు. వెబ్‌లోని సమాచారం వైకల్యమున్నవారికీ అందేలా చూసే, 2008లో వెలువడిన వెబ్ కంటెంట్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు 2.0 సైతం రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లను కనీస స్థాయి అయిన ‘ఎ’లోనే కోరగా, ఆడియో వర్ణనను దాని పైదైన ‘ఎఎ’ స్థాయిలో తప్పనిసరి చేశాయి.

క్యాప్షన్లు మాటలతో పాటు ఎవరు మాట్లాడుతున్నారో, ఏ శబ్దం వినిపిస్తోందో కూడా తెలుపుతాయి. యంత్రం తనంతట తాను రాసినవాటిని మాత్రం ఉపాధ్యాయులు సరిచూడక తప్పదు. ‘క్షారం’ అన్నచోట ‘సారం’ అని పడితే రసాయన పాఠమే తారుమారవుతుంది.

వర్ణనకు ఉన్న చిక్కు వేరు: అది మాటల మధ్య ఖాళీలోనే ఇమడాలి. లిట్మస్ ప్రయోగంలో వ్యాఖ్యాత “ఎలా మారిందో చూడండి” అని ఊరుకుంటే, నీలి కాగితం ఎర్రబడిందని చెప్పేది వర్ణన ఒక్కటే. ఊపిరి సలపకుండా సాగే పాఠంలో ఆ ఒక్క వాక్యానికీ చోటుండదు కనుక, వీడియోను కాసేపు నిలిపి వర్ణించాలి, లేదా చిత్రీకరించేటప్పుడే వ్యాఖ్యాత తాను చూపిస్తున్నదాన్ని నోటితోనూ చెప్పాలి. ఈ రెండో మార్గమే మేలని నా నమ్మకం.

చూపు, వినికిడి రెండూ లేని విద్యార్థికి క్యాప్షన్లు, వర్ణన చాలవు; మాటలనూ దృశ్యాలనూ కలిపి రాసిన పాఠ్యం బ్రెయిలీలో చేతికి అందాలి.