ఎర్రకోటకు గంటన్నర చాలు, మిగతా టైం హుమాయూన్ సమాధికి ఇవ్వండి

దసరా సెలవుల్లో ఇంటిల్లిపాదీ ఢిల్లీ వెళ్లొచ్చాం. మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పి, పిల్లలకు రెండు గంటలకోసారి ఆకలి, మా ఆయనకు ప్రతి బోర్డూ చదవందే కదలని అలవాటు. ఈ గుంపుతో తిరిగాక నాకు తోచింది రాస్తున్నాను. గోల్కొండ, సాలార్‌జంగ్ చూస్తూ పెరిగిన హైదరాబాద్ వాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

ముందు సోమవారం సంగతి. ఆ రోజు ఎర్రకోట, నేషనల్ మ్యూజియం రెండూ మూసేస్తారు. కుతుబ్ మినార్, హుమాయూన్ సమాధి తెరిచే ఉంటాయి, వాటిని సోమవారానికి పెట్టుకోండి. టికెట్ ఆన్‌లైన్‌లో తీసుకుంటే కౌంటర్ ధర కంటే కాస్త తక్కువ, లైనూ తప్పుతుంది.

ఎర్రకోట బయటి గోడలు చూసి లోపల ఇంకెంత ఉందోననుకుంటాం. లోపలికి వెళ్తే పచ్చిక మైదానాలు, దూరందూరంగా కొన్ని పాలరాతి మంటపాలు. నెమలి సింహాసనాన్ని 1739లో పర్షియా రాజు నాదిర్ షా ఎత్తుకెళ్లాడు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్లు చాలా కట్టడాలు కూల్చి సైనికుల బ్యారక్‌లు కట్టారు. అందుకే ఆ బోసితనం. ఆ బ్యారక్‌లలోనే 2019లో తెరిచిన నేతాజీ, ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం మాత్రం వదలొద్దు. ఆ సైనికుల మీద విచారణ జరిగింది ఈ కోటలోనే.

హుమాయూన్ సమాధి వేరే లోకం. ఆయన భార్య బేగా బేగం కట్టించింది, తాజ్‌మహల్‌కు ఎన్నో ఏళ్ల ముందు. నాలుగు భాగాల తోట, నీటి కాలువలు, ఎర్రరాయి మీద తెల్లపాలరాయి. దీన్ని బాగుచేసిన ఆగాఖాన్ ట్రస్టే మన కుతుబ్‌షాహీ సమాధులనూ బాగుచేసింది. ఇబ్రహీంబాగ్ వైపు వెళ్లి చూసినవాళ్లకు ఆ పనితనం ఇక్కడ ఇట్టే తెలిసిపోతుంది. 2024లో తెరిచిన భూగర్భ మ్యూజియం చల్లగా ఉంది, అత్తయ్య అక్కడే హాయిగా ఉన్నారు. సమాధి అరుగు మీదికి మెట్లు మాత్రం నిటారుగా ఉన్నాయి. పెద్దవాళ్లను తోటలో కూర్చోబెట్టడమే మేలు.

కుతుబ్ మినార్ ఎత్తు సుమారు 73 మీటర్లు. 1981లో తొక్కిసలాట జరిగాక పైకి ఎక్కనివ్వడం లేదు. పిల్లలకు నచ్చింది పక్కనున్న ఇనుప స్తంభం. గుప్తుల కాలంది, అయినా తుప్పు తినేయలేదు. ఇనుములో భాస్వరం ఎక్కువ ఉండటంతో పైన రక్షణ పొర ఏర్పడిందట. మా ఆయన ఆ బోర్డు రెండుసార్లు చదివాడు.

నేషనల్ మ్యూజియానికి పూట చాలదు. మొహెంజొదారో నర్తకి బొమ్మ బెత్తెడే, వెతికి చూడాలి. నాగార్జునకొండ శిల్పాల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన కృష్ణ ఒడ్డు రాళ్లు అంత దూరంలో చూడటం అదోలా ఉంది. నిజాం నగలు ఉంటాయని అత్తయ్య ఆశపడ్డారు. 1995లో కేంద్రం 218 కోట్లకు కొన్న ఆ నగలను ప్రత్యేక ప్రదర్శనలప్పుడే బయటికి తీస్తారు. పాత సచివాలయ భవనాలైన నార్త్, సౌత్ బ్లాక్‌లలో కొత్త మ్యూజియం పెట్టి ఇక్కడి వస్తువులు అక్కడికి తరలించే ఆలోచన ఉంది కాబట్టి, వెళ్లేముందు ఏ గ్యాలరీలు తెరిచి ఉన్నాయో కనుక్కోండి.

భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్. పప్పు, పొడి, నెయ్యి అడిగినంత వడ్డిస్తారు. ఆదివారం బిర్యానీకి జనం విరగబడతారు, త్వరగా వెళ్లండి. దగ్గర్లోనే మన ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కోసం ఇంగ్లిష్ ఆర్కిటెక్ట్ ల్యూటెన్స్ గీసిన హైదరాబాద్ హౌస్ ఉంది. విదేశీ నేతలు వచ్చే చోటు, మనం గేటు బయట నుంచి చూడాల్సిందే. అక్కడి నుంచి ఇండియా గేట్, యుద్ధ స్మారకానికి సాయంత్రం నడిచి వెళ్లొచ్చు.

బస కరోల్‌బాగ్‌లో. మెట్రో దగ్గర, అంతవరకు బాగుంది. హోటల్ ఫొటోల్లో ఉన్న కిటికీ నిజంగానే ఉంది, తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ. పొద్దున్నే దిగామని చెప్పాపెట్టకుండా అదనపు ఛార్జీ బిల్లులో కలిపారు. గట్టిగా అడిగితే సగం తగ్గించారు. బుక్ చేసేటప్పుడే ఆ మాట రాతలో తీసుకోండి.

తిరగడానికి మెట్రోనే. ఎర్రకోటకు లాల్ ఖిలా, కుతుబ్‌కు అదే పేరుతో స్టేషన్లున్నాయి. కుతుబ్ స్టేషన్ నుంచి మాత్రం ఆటో కావాలి. ఇక అక్టోబర్ మొదట్లో మధ్యాహ్నం ఎండ మండుతుంది, దీపావళి దాటితే పొగ. పిల్లల పరీక్షలు అడ్డు రాకపోతే ఫిబ్రవరి చివర్లో వెళ్లండి.