పన్నెండేళ్లుగా నా పెట్టె రాట్నం: కదురు మార్చాకే నూలు కుదిరింది

ఈ పెట్టె రాట్నం నేను కొన్నది 2013 డిసెంబరులో, 1,800 రూపాయలకి. టేకు పెట్టె, ఇత్తడి కొక్కేలు. మూత తీస్తే రెండు చక్రాలు, ఒక కదురు (దారానికి పురి ఎక్కించే మొనదేలిన ఇనుప చువ్వ), చిలప (కొలిచి చుట్టిన నూలు కట్ట) చుట్టుకోవడానికి మడత చెక్క. మూసేస్తే పెద్ద నిఘంటువంత ఉంటుంది. గాంధీగారు ఎరవాడ జైల్లో ఉండగా తయారైన నమూనా ఇది, అందుకే ఎరవాడ చరఖా అని కూడా అంటారు. జైలు గదిలో పట్టేది మా వంటింట్లో పట్టదా అనుకుని కొన్నాను. పట్టింది. ఆ ఒక్క విషయంలో మాత్రం ఇప్పటికీ ఫిర్యాదు లేదు.

మాది విశాఖ దగ్గర తగరపువలస దాటాక గోస్తని నది పక్కన పల్లె. అరెకరం చామంతి, కొంచెం బెండ, ఒక గేదె, పెరట్లో దీపం వత్తుల కోసం అత్తమ్మ పెంచే పత్తి చెట్టు. మా ఇంటికి నార కొత్త కాదు. మామయ్యగారి కాలంలో గోగు వేసి, చెరువులో నానబెట్టి, నార తీసి అమ్మేవారట. చిట్టివలస జ్యూట్ మిల్లు 2009లో మూతపడింది కానీ, అంతకు చాలా ముందే మా ఇంట్లో గోగు ఆగిపోయింది. నేను వడకడం మొదలుపెడితే అత్తమ్మ ముందు నవ్వారు. "బజార్లో తువ్వాలు వందకి దొరుకుతుంటే ఏటే అమ్మీ నీకీ గోల" అన్నారు. ఆ మాటకి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

ముందు బాగున్నవి చెప్తాను. చక్రాల నిష్పత్తి బాగా కుదిర్చారు. కదురు గిరక మీద సుద్దముక్కతో చుక్క పెట్టి, పెద్ద చక్రాన్ని మెల్లగా ఒక చుట్టు తిప్పి లెక్కపెట్టాను. కదురు డెబ్భై పైచిలుకు తిరిగింది. అంటే కుడిచెయ్యి ఆడుతూ పాడుతూ తిప్పినా పురి బాగానే ఎక్కుతుంది, కష్టమంతా ఎడమచేతిదే. ఏకుని (దువ్విన దూదితో చేసిన సన్నటి చుట్టని) రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకుని చెయ్యి వెనక్కి తీస్తుంటే, కదురు మొన మీంచి దారం ఒక్కో చుట్టుకీ జారి "టిక్ టిక్" అంటుంది. ఆ జారడంలోనే పురి పడుతుంది. చెయ్యి సాగినంతా సాగాక చక్రం కొంచెం వెనక్కి తిప్పి, దారాన్ని కదురుకి అడ్డంగా తెచ్చి చుట్టేయాలి. ఈ మొత్తం రాయడానికి పట్టిన సమయంలో నాలుగు బారలు వడకొచ్చు. మొదటి నెలలో మాత్రం నాలుగు బారలకి నలభైసార్లు తెగింది.

ఇక కదురు. ఈ రాట్నంలో అసలు లోపం ఇదే. పెట్టెకి పాలిష్ పెట్టిన శ్రద్ధలో పావు వంతు కదురు మీద పెట్టలేదు. వచ్చిన రోజే మొన వణికింది. చక్రం జోరు మీద ఉన్నప్పుడు మొన చుట్టూ సన్నటి గాలి బుడగలాంటిది కనిపిస్తే కదురు వంకరన్నమాట. తిన్నగా ఉంటే మొన చుక్కలా నిలబడుతుంది. వంకర కదురు ప్రతి చుట్టుకీ దారాన్ని ఒక్కసారి గుంజుతుంది. సన్నం దారమైతే అక్కడే పుటుక్కుమంటుంది. తెగినప్పుడల్లా నా చేతకానితనం అనుకుంటూ ఏడాది గడిపాను. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే "అలవాటు పడితే సర్దుకుంటుందమ్మా" అన్నారు. నేను సర్దుకున్నాను, కదురు సర్దుకోలేదు.

చివరికి సైకిల్ షాపు అబ్బాయి చేతిలో పెడితే నిమిషంలో తేల్చేశాడు. చువ్వని నాపరాయి మీద దొర్లించాడు, రాయికి తగలని చోట సుద్ద గీత పెట్టాడు, చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. మళ్లీ దొర్లించాడు. ఆ సాయంత్రం కూర్చుంటే ఒక ఏకు మొత్తం తెగకుండా వచ్చింది. నాకు కళ్లనీళ్లొక్కటే తక్కువ. తర్వాత మంచి ఉక్కు కదురు విడిగా తెప్పించుకున్నాను. ఇప్పుడు వాడుతున్నది మూడోది.

రెండో శత్రువు మన సముద్రం. భీమిలి గాలి తగిలే చోట ఇనుము ఎన్నాళ్లు నిలుస్తుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. వర్షాకాలంలో మూడు రోజులు తియ్యకపోతే కదురు మీద ఎర్ర పొడి. మొదట్లో కొబ్బరినూనె రాశాను. అది తుప్పుని ఆపింది గానీ మొదటి పది బారల నూలు బూడిద రంగులోకి దిగింది. ఆ చార మా ఆయన మొదటి తువ్వాలు మీద ఇప్పటికీ కనిపిస్తుంది, ఎంత ఉతికినా పోలేదు. ఇప్పుడు కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి, పొడిగుడ్డతో తుడిచి, కదురుని విడిగా బిస్కెట్ డబ్బాలో గుప్పెడు బియ్యంలో పెడతాను. పండగలకి కూడా అంత సింగారం నాకుండదు.

కానీ ఆ తడిగాలే దూదికి మంచిది. తేమ తగిలితే పత్తి పోగు బలం పెరుగుతుంది. శ్రావణంలో తెల్లవారుజామున వడికితే నూలు సాఫీగా వస్తుంది, వైశాఖం మధ్యాహ్నం కూర్చుంటే పోగులు గాల్లోకి లేచి ముక్కులో దూరతాయి. చక్రానికీ కదురుకీ కలిపే తాడు మాత్రం ముసురు రోజుల్లో బిగుసుకుంటుంది, ఎండకి వదులవుతుంది. తేనెమైనం రాస్తే జారదు. ఏడాదికి రెండు తాళ్లు మారుస్తాను, వాటిని నా నూలుతోనే పేనుకుంటాను.

చెక్క సంగతి 2014 అక్టోబరు 12న తెలిసింది. హుద్‌హుద్ తుఫాను. మా ఇంటి పెంకులు సగం లేచిపోయాయి, అటక మీది పెట్టె రాత్రంతా తడిసింది. తెల్లారి చూస్తే మూత ఉబ్బి పట్టనంటోంది, చిన్న చక్రం ఒక పక్కకి వాలింది, తిప్పితే తాడు ఎగిరి బయటపడుతోంది. ఎండబెట్టడానికి తొందరపడి డాబా మీద పెట్టకుండా, వడ్రంగి మావయ్య చెప్పినట్టు నీడలో పది రోజులు ఆరనిచ్చాం. ఆయన మూత అంచు చిత్రిక పట్టి, చక్రం ఇరుసు కింద పలచటి రేకు ముక్క వేసి నిలబెట్టాడు. ఆ రేకు ఇప్పటికీ ఉంది. కరెంటు లేని ఆ రోజుల్లో సాయంత్రాలు లాంతరు పక్కన పెట్టుకుని వడికాను. టీవీ లేక అత్తమ్మ కూడా వచ్చి కూర్చునేవారు. మొదటిసారి ఏకు చేతిలోకి తీసుకున్నది అప్పుడే. నాకంటే సన్నగా తీశారు. చిన్నప్పుడు బడిలో తకిలీ (చేత్తో తిప్పే చిన్న కదురు) తిప్పారట, అప్పటిదాకా ఒక్క ముక్క చెప్పలేదు!

చిలప చుట్టే చెక్క గురించి ఒక హెచ్చరిక. ఒక్క చుట్టు ఒక మీటరు, వెయ్యి చుట్లు ఒక చిలప అని కాగితం మీద ఉంది. నమ్మాను. రెండు చిలపలు పట్టుకెళ్లి నేతాయనకి ఇచ్చాను, పడుగు (నిలువు దారం) మిల్లు నూలు, పేక (అడ్డం దారం) నాది. తువ్వాలు బెత్తెడు పైన తక్కువ పడింది. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే చుట్టు 94 సెంటీమీటర్లే. మీరు కొన్నది కూడా ముందు కొలుచుకోండి.

ఆ నేతాయన మాట ఒకటి. చిలప విప్పి, రెండు బొటనవేళ్ల మధ్య దారం లాగి చూసి, "అమ్మా, ఈ నూలు సూస్తే ఏ రోజు మీ ఇంట్లో గొడవైందో సెప్పీగల్ను" అన్నాడు. లావూ సన్నం అంత స్పష్టంగా ఉందట. మూడేళ్ల దాకా నా నూలుని పడుగులోకి రానివ్వలేదు. మగ్గం అచ్చులో (పడుగు పోగులు దూరే దువ్వెనలాంటిది) రాపిడికి తెగుతుందనేవాడు. పురి సరిపోయిందో లేదో చూడటం ఆయనే నేర్పాడు: జానెడు దారం వదులు చేస్తే తనంతట తాను మెలిపడి చుట్టుకోవాలి, కానీ ముడులు పడిపోకూడదు.

లెక్క అడిగేవాళ్ల కోసం. నా నూలు వెయ్యి మీటర్లు 30 గ్రాములు తూగుతుంది, కంసాలి త్రాసు మీద పెట్టించాను. అంటే ఇరవై కౌంటు (కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నం). గంటకి 250 మీటర్లు వడకగలను. పడుగూ పేకా నాదే అయితే ఒక తువ్వాలుకి దాదాపు నాలుగు కిలోమీటర్ల నూలు, 120 గ్రాముల దూది, పదహారు సాయంత్రాలు. చీరకైతే వంద సాయంత్రాల మాట. ఒక్కటే నేయించాను, మా అమ్మకి.

ఈ ఇరవై కౌంటుతో గర్వపడుతున్న రోజుల్లో పొందూరు వెళ్లాను, విశాఖ నుంచి రైల్లో. అక్కడ ఆడవాళ్లు వడికేది వంద కౌంటు. పౌను బరువులో 840 గజాల చిలపలు వంద, అంటే దాదాపు 77 కిలోమీటర్ల దారం. కొండపత్తి గింజల మీది దూదిని వాలుగ చేప దవడతో దువ్వుతారు, ఆ దవడ మీది సన్నటి పళ్ల వరస నలుసుల్ని పట్టుకుని పోగుల్ని వరసలో పెడుతుంది. యంత్రం ఊసే లేదు. చూసొచ్చాక నాకు అర్థమైంది, నేను రాట్నాన్ని తిట్టిన తిట్లలో సగం ఏకులకి చెందాల్సినవి. వచ్చాక తగరపువలస చేపల బజార్లో వాలుగ తల ఒకటి అడిగి తెచ్చి దవడ ఎండబెట్టాను. పిల్లి ఎత్తుకుపోయింది.

అందుకే ఏకుల గురించి గట్టిగా చెప్తున్నా. కొన్న ఏకుల్లో గింజ ముక్కలుంటే ఎంత మంచి కదురైనా దండగే. ఒకసారి పరుపులు ఏకే మిషన్ ఆటో మీద వీధిలోకొస్తే, పెరటి పత్తి రెండు కిలోలు అందులో వేయించాను. పోగులు తెగి పొట్టయ్యాయి, దిండుకి తప్ప దేనికీ పనికిరాలేదు. ఇప్పుడు పెరటి పత్తి వరకు చేత్తోనే. పీట మీద పత్తి పెట్టి, ఇనుప కడ్డీ అరచేత్తో దొర్లిస్తే గింజ ముందుకి ఉరుకుతుంది, దూది వెనక మిగులుతుంది. గింజలు నానబెట్టి రుబ్బితే గేదెకి. ఆ వారం పాలలో వెన్న ఎక్కువని అత్తమ్మ నమ్మకం.

ఎవరు కొనొచ్చు? రోజుకి గంట కూర్చోగలిగినవాళ్లు, సుత్తి పట్టడానికి సిగ్గుపడనివాళ్లు. సంపాదన కోసమైతే ఇది వద్దు, ఖాదీ కేంద్రాల్లో నాలుగు, ఎనిమిది కదుళ్ల అంబర్ చరఖాలున్నాయి. పిల్లలకి సరదా చూపించాలంటే తకిలీ చాలు. కొనేటప్పుడు పెట్టె పాలిష్ చూడకండి. కదురు తీయించి, గాజుపలక మీద దొర్లించి చూపించమనండి. చూపించనంటే వచ్చేయండి. మిగిలిన డబ్బు మంచి ఏకుల మీద పెట్టండి.

లావూ సన్నం నూలు ఏం చేస్తావని అడుగుతారు. చామంతి దండలకి మేం వాడేది తడిపిన అరటి నార, అది పువ్వుని కొయ్యదు. నార అయిపోయిన రోజున నా పాత చిలపలు బయటికొస్తాయి. ఈ కార్తీకానికి అత్తమ్మ 365 వత్తుల కట్టకి కూడా వాటిలోంచే రెండు అడిగారు, అదీ లావుగా ఉన్నవే కావాలట.