అతికిన ఎముకతో బెర్లిన్ మారథాన్‌కి

అరవై ఎనిమిది మెట్లు. షోనెబెర్గ్‌లో మేం తీసుకున్న అపార్ట్‌మెంట్‌కి లిఫ్ట్ లేదని బుకింగ్ పేజీలో రాసే ఉంది, నేనే చదవలేదు, ఫొటోల్లో ఎత్తైన సీలింగు, చెక్క నేల చూసి పడిపోయాను. బెర్లిన్‌లో ఇలాంటి పాత భవనాలు చాలానే ఉన్నాయి, చూడ్డానికి అందంగా ఉంటాయి, ఎక్కాలంటేనే ఏడుపు. ఇంకెప్పుడైనా అయితే రెండు సూట్‌కేసులు మోసే తమ్ముడు తిట్టుకుంటాడులే అని ఊరుకునేదాన్ని. కానీ ఆ ఏడాది జనవరిలో నా ఎడమ కాలి టిబియాకి, అంటే మోకాలి కింద ముందువైపు చేతికి తగిలే పెద్ద ఎముకకి, స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదే పదే పడే భారానికి ఎముకలో వచ్చే సన్నటి చీలిక) వచ్చింది, కాబట్టి ప్రతి మెట్టూ లెక్కలోకే వస్తుంది.

గాయం కథ క్లుప్తంగా. లాటరీలో 2024 బెర్లిన్ మారథాన్‌కి పేరు వచ్చింది, ఆ సంతోషంలో వారానికి 30 కిలోమీటర్ల నుంచి ఒక్కసారిగా 55కి పెంచేశాను, నొప్పి వేలితో చూపించగలిగేంత చోట మొదలైంది, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. మొదట్లో ఇది ఎక్స్‌రేకి దొరకదట, ఎమ్మారైలో బయటపడింది. ఎనిమిది వారాలు పరుగు బంద్. నీళ్లలో పరిగెత్తడం, సైకిల్, పిక్కల వ్యాయామాలు. తర్వాత ఫిజియో ఒంటికాలి మీద పదిసార్లు గెంతించి, నొప్పి లేదన్నాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడకతో మళ్లీ మొదలుపెట్టించారు. జూన్‌లో ఒక 10 కిలోమీటర్ల రేసు, ఆగస్టులో ఒక హాఫ్ మారథాన్, అంతకుమించి పొడవైన పరుగు 27 కిలోమీటర్లు. ఆ పెట్టుబడితో 42 కిలోమీటర్ల మారథాన్‌కి వెళ్లాను. తెలివైన పని అని అనడం లేదు.

ఇంట్లో టికెట్లు బుక్ చేసేటప్పుడే తమ్ముడు అడిగాడు, "అక్కా, నువ్వు ఎక్కడ ఆగిపోవచ్చో ముందు అది చెప్పు, అక్కడ నేనుంటా." అప్పుడు కోపం వచ్చింది గానీ ఈ ట్రిప్ మొత్తానికి పనికొచ్చిన ప్రశ్న అదొక్కటే. హోటల్, రైలు లైన్లు, స్టార్ట్ దగ్గర బ్యాగ్ దాచడానికి ఇవ్వాలా వద్దా, అన్నీ ఆ ప్రశ్న మీదే తేల్చుకున్నాం. అందుకే ఇక్కడ రాసేది టైమ్ కొట్టాలనుకునేవాళ్లకి పెద్దగా పనికిరాదు.

విమానాశ్రయం నుంచి సెంట్రల్ స్టేషన్‌కి రైల్లో అరగంట. ఇక్కడ టికెట్లు ఏ, బీ, సీ అనే జోన్ల ప్రకారం, విమానాశ్రయం సీ జోన్‌లో ఉంటుంది, ఊళ్లో తిరగడానికి సరిపోయే ఏబీ టికెట్ దానికి చాలదు, ఏబీసీ కొనాలి. స్టేషన్లలో గేట్లు ఉండవు కాబట్టి టికెట్ ఎవరడుగుతారు అనిపిస్తుంది, మామూలు బట్టల్లో వచ్చి అడుగుతారు, లేకపోతే 60 యూరోల జరిమానా. కాగితం టికెట్ అయితే ప్లాట్‌ఫామ్ మీద ఉన్న మెషీన్‌లో ముద్ర కూడా వేయించుకోవాలి, మా పక్క సీటాయన కొన్నాడు గానీ ముద్ర వేయలేదు, ఎంత బతిమాలినా వినలేదు.

బిబ్, అంటే చొక్కాకి పెట్టుకునే రేసు నంబరు, తీసుకోవడం టెంపెల్‌హోఫ్‌లో. పాత విమానాశ్రయం అది, 2008లో మూసేశారు, టెర్మినల్ భవనంలో ఎక్స్‌పో, అంటే రేసు ముందు జరిగే ప్రదర్శన, పెట్టారు. గుర్తింపు కార్డుతో ఎవరిది వాళ్లే తీసుకోవాలి, చేతికి ఒక బ్యాండ్ కడతారు, అది ఆదివారం దాకా తీయకూడదు. ఎక్స్‌పోలో పని పది నిమిషాలదే గానీ నడక మాత్రం చాలా దూరం, హ్యాంగర్ తర్వాత హ్యాంగర్, షాపుల మధ్య నుంచి చుట్టూ తిరిగి రావాలి. గాయం నుంచి వచ్చినవాళ్లు గురువారమే వెళ్లి వచ్చేయండి, శనివారం ఆ గచ్చు మీద రెండు గంటలు నిలబడితే కాళ్లు అక్కడే సగం అయిపోతాయి.

నాకు ఎక్స్‌పో కంటే దాని వెనకున్న మైదానం నచ్చింది. విమానాలు దిగిన రన్‌వేలు అలాగే ఉన్నాయి, 2010 నుంచి జనానికి వదిలేశారు. శుక్రవారం పొద్దున అక్కడ ఇరవై నిమిషాలు మెల్లగా పరిగెత్తాను. గాలి ఎదురుగా కొడుతోంది, పక్కన ఎవరో గాలిపటం ఎగరేస్తున్నారు, నేల ఎంత చదునుగా ఉందంటే అడుగు ఎక్కడ పడుతుందో చూసుకోనక్కర్లేదు. ఆర్నెల్లుగా ప్రతి అడుగూ నేలని చూస్తూనే వేశాను, తలెత్తి పరిగెత్తడం అక్కడే మళ్లీ గుర్తొచ్చింది. మెత్తటి నేల కావాలంటే టీర్‌గార్టెన్ పార్కులో మట్టి దారులు ఉన్నాయి, చెట్ల నీడ, స్టార్ట్ కూడా ఆ పార్కు మధ్య రోడ్డు మీదే. ఎముకకి టీర్‌గార్టెన్ మంచిది, మనసుకి టెంపెల్‌హోఫ్.

ఇక ఊరు చూడ్డం. ఇక్కడ నేను తప్పు చేశాను. మ్యూజియం ఐలాండ్, ఈస్ట్ సైడ్ గ్యాలరీ ఒకే రోజు పెట్టుకున్నాం, సాయంత్రానికి ఫోన్‌లో 24 వేల అడుగులు. దూరం ఒకటే కాదు, బెర్లిన్ ఫుట్‌పాత్‌లకి అంచుల్లో చిన్న చిన్న రాళ్లు పరిచి ఉంటాయి, పాదం ప్రతిసారీ కొంచెం వంకరగా పడుతుంది. ఆ రాత్రి పాత చోట సన్నగా లాగింది. మందుల షాపుకి వెళ్దామన్నాడు తమ్ముడు. జర్మనీలో ఐబుప్రొఫెన్ కూడా సూపర్ మార్కెట్లో దొరకదు, ఫార్మసీకే వెళ్లాలి, అయినా నేను వద్దన్నాను, పరుగు ముందు నొప్పి మాత్ర వేసుకుంటే ఎముక చెప్పే మాట వినపడదు, పైగా మారథాన్‌లో కిడ్నీలకి మంచిది కాదు అని ఫిజియో మరీ మరీ చెప్పారు. శనివారం మొత్తం కాళ్లు పైకి పెట్టుకుని పడుకున్నాను. మ్యూజియాలు సోమవారానికి పెట్టుకుని ఉండాల్సింది, అయితే వాటిలో చాలా వరకు సోమవారం సెలవు, అది చూసుకుని మంగళవారం దాకా ఉండేలా ప్లాన్ చేసుకోవాలి.

శనివారం మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ వదిలేసి సెంట్రల్ స్టేషన్ పక్కన ఒక హోటల్‌కి మారాం. రాత్రికి దాదాపు రెట్టింపు ధర, గది అగ్గిపెట్టెంత, కిటికీ తీస్తే రైళ్లు. తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు. షోనెబెర్గ్‌లో వంటిల్లు ఉంది, వీధి ప్రశాంతం, రేసు రూటు సగం దాటాక ఆ పేట మీదుగానే పోతుంది, చూసేవాళ్లకి అంతకన్నా మంచి చోటు లేదు. పరిగెత్తేవాళ్లకి మాత్రం ఈ అగ్గిపెట్టే మేలు. లిఫ్ట్ ఉంది, స్ప్రే నది దాటి పావుగంట మెల్లగా నడిస్తే రైష్‌టాగ్ అనే పార్లమెంటు భవనం ముందు మైదానం, అక్కడి నుంచే స్టార్ట్ వైపు లోపలికి వదులుతారు. ఆదివారం జర్మనీలో షాపులన్నీ మూసేస్తారు, ఈ స్టేషన్ లోపల ఉన్నవి మాత్రం తెరిచే ఉంటాయి, పరుగు అయ్యాక ఆ సంగతి విలువ తెలుస్తుంది.

రేసు రోజు చలి, మంచి ఎండ. 1974లో మూడు వందల మంది కూడా లేకుండా అడవి పక్కన మొదలైన పరుగు ఇది, మాది 50వది, 54 వేల మందికి పైగా పూర్తిచేశారు. రూటు ఎత్తు అంతా సముద్ర మట్టానికి 38 నుంచి 53 మీటర్ల మధ్యే. పురుషుల్లో కిప్చోగే 2022లో 2:01:09, మహిళల్లో అసెఫా 2023లో 2:11:53, అప్పటి ప్రపంచ రికార్డులు, పరిగెత్తింది ఈ రోడ్ల మీదే. చదునైన రూటు, నీ కాలికి తేలిక అని అందరూ అన్నారు. అది సగమే నిజం. దిగుడు లేదు కాబట్టి ఎముక మీద ఆ అదనపు దెబ్బ లేదు, కరెక్టే. కానీ ఎక్కడా ఎక్కుడూ దిగుడూ లేకపోతే అడుగు మారదు, అదే కండ, అదే కోణం, నలభై వేల సార్లు. రూటే అడుగు మార్చనప్పుడు మనమే మార్చుకోవాలి. అందుకే మూడు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మొదటి కిలోమీటరు నుంచే. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలవే ప్రచారం చేసిన పద్ధతి ఇది, అలిసిపోయాక నడవడం వేరు, అలిసిపోకముందే నడవడం వేరు.

చెప్పినంత సులువు కాదు. చివరి వేవ్‌లో, అంటే చివరగా వదిలే గుంపులో కూడా అంతా దూసుకుపోతుంటారు, మనం మూడో నిమిషానికే నడుస్తుంటే భుజం తట్టి ధైర్యం చెప్పేవాళ్లు. ఒకాయన ఏదో జర్మన్‌లో అని అరటిపండు ముక్క చేతిలో పెట్టి వెళ్లాడు. నడిచేటప్పుడు చేయి పైకెత్తి కుడి అంచుకి జరగండి, వెనకవాళ్లు గుద్దకుండా ఉంటారు. నీళ్ల బల్లల దగ్గర వాడి పడేసిన ప్లాస్టిక్ కప్పులు కాళ్ల కింద జారతాయి, అక్కడ నేను ప్రతిసారీ నడిచాను. వేడి టీ ఇస్తారు, పరుగులో టీ ఏంటి అనుకున్నాను గానీ ముప్పయ్యో కిలోమీటర్ దగ్గర ఆ తియ్యటి టీ అంత రుచిగా ఇంకేదీ లేదు.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్న. రూటు మ్యాప్, యూ-బాన్ (బెర్లిన్ మెట్రో) మ్యాప్ పక్కపక్కన పెట్టి చూస్తే యూ7 లైన్ మా కోసమే వేసినట్టుంది. హెర్మన్‌ప్లాట్జ్ దగ్గర ఒకసారి, సుమారు పదహారో కిలోమీటరు, తర్వాత వాడు అదే లైన్‌లో మారకుండా ఫెర్‌బెలినర్ ప్లాట్జ్ చేరితే ముప్పై దాటాక మళ్లీ. రెండు చోట్లా స్టేషన్ రోడ్డు మీదే ఉంది, ఆగిపోతే దిగి రైలెక్కడమే. ఒప్పందం ఏంటంటే, నొప్పి పదిలో మూడు దాటినా, అడుగు వంకరపోయినా, వాడు ఆపమంటే నేను మాట్లాడకుండా ఆపాలి. హెర్మన్‌ప్లాట్జ్ దగ్గర వాడు నా మొహం చూడలేదు, కాళ్లు చూశాడు, వెళ్లమన్నట్టు చేయి ఊపాడు. ఆ రెండింటి మధ్య వైల్డర్ ఎబర్ అనే కూడలి వస్తుంది, బ్యాండు, జనం, అరుపులు, అక్కడ నా నడక నిమిషం వచ్చింది, అంత మంది చూస్తుండగా నడవాలంటే సిగ్గేసి పరిగెత్తేశాను. రెండు కిలోమీటర్లు కూడా కాకుండానే కుడి తొడ పట్టేసింది. ఎడమ కాలు కాదు, కుడిది, మంచి కాలు. ఫెర్‌బెలినర్ ప్లాట్జ్‌లో కుంటుతూ కనిపించాను.

"ఎముకా?" అన్నాడు.

"కాదురా, తొడ."

"ఒట్టు?"

ఒట్టు వేసి, అక్కడే నిలబడి తొడ సాగదీసుకుని, మిగతా పది కిలోమీటర్లు రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడకకి మార్చాను. గడువు ఆరు గంటల పావు, చాలినంత ఉంది.

ముగింపు గురించి ఒక మాట. అందరూ బ్రాండెన్‌బర్గ్ గేటే ఫినిష్ అనుకుంటారు, గేటు దాటాక ఇంకో నాలుగు వందల మీటర్లు ఉంటుంది. సరిగ్గా గేటు ముందు నా వాచీ నడక అని మోగింది. వైల్డర్ ఎబర్ గుర్తొచ్చి నడిచాను. 1990లో, రెండు జర్మనీలు ఒకటి కావడానికి మూడు రోజుల ముందు, ఈ గేటు కింద నుంచి మొదటిసారి పరిగెత్తినవాళ్లలో చాలామంది ఏడ్చారట. నా ఫొటోలో నేను గేటు కింద వాచీ చూసుకుంటూ బస్సుకి లేటయినదానిలా నడుస్తున్నాను. నా టైమ్ 5 గంటల 21 నిమిషాలు.

బ్యాగ్ ఇవ్వకుండా, పరుగయ్యాక కప్పుకునే పోంచో తీసుకోవడం బాగా పనిచేసింది, వెనక్కి తీసుకునే నడక తప్పింది. అయితే మార్చుకోవడానికి చెప్పులు ఉండవు, అవి తమ్ముడు తెచ్చాడు, ఒంటరిగా వెళ్లేవాళ్లు మాత్రం బ్యాగే ఎంచుకోండి. ఆల్కహాల్ లేని బీరు ఇస్తారు, నాకు చేదు, వాడు తాగేశాడు. హోటల్‌కి తిరిగి పావుగంట దారి నలభై నిమిషాలు పట్టింది, మధ్యలో ఒక స్టేషన్ మీదుగా అడ్డదారి పోదామంటే లిఫ్ట్ పనిచేయడం లేదు, ఎక్కడానికి కాదు, దిగడానికి నేను కన్నీళ్లు పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున హోటల్ వరండాలో కార్పెట్ మీద గెంతాను, ఎడమ కాలి మీద, పదిసార్లు. ఎనిమిదో గెంతుకి ఎదురు గది తలుపు తెరుచుకుని ఒకావిడ చూసి మళ్లీ మూసేసుకుంది. తమ్ముడు సూట్‌కేసు పట్టుకుని లెక్కపెడుతున్నాడు. పది దాకా ఎముక ఏమీ అనలేదు. కుడి కాలి మీద మాత్రం ఒక్కసారి కూడా గెంతలేకపోయాను.