హన్మకొండలో కొన్న రాణిగారి ఆరు పెన్నీలు

హన్మకొండలో పాత నాణేలు అమ్మే ఒక చిన్న దుకాణంలో పోయిన నెల మొదటి ఎలిజబెత్ రాణి వెండి నాణెం కొన్నాను. ఆరు పెన్నీలది, 1573 నాటిది. ఎనిమిదిన్నర వేలు చెప్పి ఎనిమిదికి ఇచ్చాడు.

నేను కరీంనగర్‌లో వెండి తీగ పని చేస్తాను. రాణి మీద మోజేం లేదు, సుత్తె దెబ్బ చూడాలని కొన్నాను. అప్పట్లో కింది అచ్చును మొద్దులో దిగ్గొట్టి, దాని మీద వెండి బిళ్ల పెట్టి, పై అచ్చు చేత్తో పట్టుకుని సుత్తెతో కొట్టేవాళ్లు. నా నాణెంలో రెండో దెబ్బకు బిళ్ల కదిలినట్టుంది. రాణికి ముక్కు రెండుసార్లు పడింది, ఒకటి లోతుగా, వెంట్రుకంత పక్కకు జరిగి ఇంకొకటి. మా పనిలో ఒక్క చుట్ట వంకర పోతే గిరాకీ వాపస్ పంపుతారు!

తల వెనక గులాబీ మాత్రం చక్కగా ఉంది. పక్క విలువల నాణేలతో కలిసిపోకుండా ఆరు, మూడు పెన్నీల మీద ఆ పువ్వు వేసేవాళ్లు. వెనక వైపు డాలు, దాని పైన సంవత్సరం.

ఇక ఫిర్యాదు. "ఫుల్ వెయిట్ సార్" అన్నాడు. ఇంటికొచ్చి నా త్రాసులో పెడితే 2.58 గ్రాములు. టంకశాలలో పుట్టినప్పుడు మూడుకు పైనే ఉండాలి. అరుగుదల అనుకుందామంటే, ఒకవైపు అక్షరాలకు తలల్లేవు. ఎవరో అంచుకు కత్తెర వేసి, ఆ వెండి దాచుకుని, నాణేన్ని నిండు విలువకే చెల్లించారన్నమాట. మేమూ తరుగు తీస్తాం, కానీ గిరాకీకి చెప్పి తీస్తాం. ఈ రాణి కాలంలో అలా కత్తిరించడం రాజద్రోహం. అయినా ఆగలేదు. 1662 తర్వాత మిషన్ నాణేలు వచ్చి, అంచుకు గీతలో అక్షరాలో పడ్డాక గానీ కత్తెర పట్టుబడలేదు.

కోత నాకు ఇష్టమే, చెప్పకపోవడమే నచ్చలేదు. అంతకన్నా మంట పాలిష్. పండగకు కుంకుడు రసంతో పట్టీలు తోమినట్టు తోమేశాడు. గాడుల్లో ఉండాల్సిన నలుపు చుక్క కూడా లేదు. ఫోన్ చేస్తే "నల్లగా ఉంటే ఎవరూ కొనరు సార్" అన్నాడు. గట్టిగా అడిగితే ఐదువందలు వాపస్ ఇచ్చాడు.

సరుకు అసలుదే, ధర మోసం కాదు. వెళ్లేవాళ్లు జేబులో చిన్న త్రాసు పెట్టుకుని వెళ్లండి, తోమనివి లోపల ఉన్నాయేమో అడగండి. ఆదివారాల్లో మాత్రం సాయంత్రం దాకా షట్టర్ తీయడు.